మంజూరు – నిరీక్షణ: సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో అనుమతుల ఇరుకు

మన కళాశాలలో ఉర్దూ తరగతి, తెలుగు తరగతి ఒకే వరండాలో పక్కపక్క గదులలో జరుగుతాయి. ఆ రెండు గదుల మధ్య గోడ చాలా పలుచనిదని నేను విద్యార్థులతో తరచు అంటుంటాను. అందుకు ఒక చిన్న నిదర్శనంతో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తాను. కార్యాలయాలలో మనం నిత్యం వాడే "మంజూరు" అనే మాట అరబ్బీలో పుట్టి, ఫారసీ ఉర్దూల మీదుగా తెలుగులోనికి వచ్చింది. "నజర్" అనే మాటకు, దీనికి ధాతువు ఒక్కటే. అనగా మంజూరు అంటే మొదట "చూడబడినది" అని అర్థం. ఆ ధాతువు నుండే పుట్టిన మరొక మాట "ఇంతిజార్". దానికి ఎదురుచూచుట అని అర్థం. సంస్కృతంలోనూ ఇదే చిత్రం కనిపిస్తుంది. చూచుట అనే అర్థం గల "ఈక్ష్" ధాతువు నుండి "పరీక్ష" వచ్చింది, "నిరీక్షణ" కూడా వచ్చింది. ఇక మన అచ్చతెలుగు "ఎదురుచూపు"లో చూపు ఎటూ ఉండనే ఉన్నది.

పరీక్ష కొరకు మంజూరు, మంజూరు కొరకు నిరీక్షణ: ఈ మూడు మాటలను ఇలా వరుసగా పేర్చితే, నేటి సాఫ్ట్‌వేర్ నిర్మాణ సంస్థలను పీడిస్తున్న ఒక వ్యాధికి సరియైన నిర్వచనం అవుతుంది. తెలుగు ఉపన్యాసకునికి ఈ విషయంతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. దానికి కారణం చెప్పవలసి ఉన్నది.

రంజాన్ పండుగ మరునాడు మా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఈ కళాశాలలో డిగ్రీ ముగించి, హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరి అప్పటికి ఏడు నెలలు. షీర్‌ఖుర్మా గిన్నె చేతిలో చల్లారిపోతున్నా అతడు తాగలేదు. "సార్, ప్రోగ్రాం మూడు రోజుల్లో రాసేశాను. అది పనిచేస్తుందో లేదో చూసుకునే చోటు కోసం పదహారు రోజులు కూర్చున్నాను. రిపోర్టులో మాత్రం నేను స్లో అని రాశారు" అన్నాడు. ఆ ఒక్క మాట మూలంగా అతని ఉద్యోగం స్థిరపడటం మూడు నెలలు వాయిదా పడింది. ఇంటి వద్ద చెల్లెలి చదువు అతని జీతం మీదనే ఆధారపడి ఉన్నది.

ఆ పదహారు రోజులు ఎక్కడికి పోయినవి? ఈ ప్రశ్న నన్ను వదలలేదు. వృత్తిలో ఉన్నవారిని అడిగి, కొన్ని గ్రంథాలు చదివి తెలుసుకున్నదానిని, మన విద్యార్థులకు రేపు ఉపకరిస్తుందనే నమ్మకంతో ఇక్కడ వివరిస్తున్నాను.

పరీక్షావేదిక అంటే ఏమి?

ఒక బ్యాంకుకో, ఒక ఆస్పత్రికో కావలసిన సాఫ్ట్‌వేర్‌ను ఏ ఒక్కరో కూర్చుండి వ్రాయరు. ఎనిమిదిమందో పదిమందో గల బృందం పనిని భాగాలుగా పంచుకుని వ్రాస్తుంది. ఎవరి భాగం వారి సొంత కంప్యూటరు మీద చక్కగానే పనిచేయవచ్చు. కాని ఆ భాగాలన్నీ కలిసినప్పుడు, ఖాతాల వివరాలు దాచే డేటాబేస్‌తోను, ఇతర సంస్థల వ్యవస్థలతోను, నెట్‌వర్క్‌తోను ముడిపడినప్పుడు ఎలా ప్రవర్తిస్తాయో చూడాలంటే అసలు వ్యవస్థకు నకలు వంటి వేరొక వ్యవస్థ కావాలి. వృత్తిలోనివారు దీనిని టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఈ వ్యాసంలో దానిని పరీక్షావేదిక అని పిలుచుకుందాము.

సురభి వారి నాటకాలలోని తెరలు, తంత్రాలు చూచినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. పాత్రధారులందరు తమ తమ సంభాషణలు ఇంటివద్ద కంఠస్థం చేసినంత మాత్రాన నాటకం సిద్ధం కాదు. దీపాలు, తెరలు, తాళ్లు, వాద్యాలు అన్నీ అమర్చిన వేదిక మీద ఒకసారి ఆడి చూడవలసిందే. ఏ తాడు బిగుసుకుంటుందో, ఏ తెర ఆలస్యంగా లేస్తుందో అక్కడ తప్ప తెలియదు. ప్రేక్షకులు వచ్చిన తరువాత తెలిస్తే నగుబాటు. సాఫ్ట్‌వేర్‌లో ప్రేక్షకులు వచ్చే వేదికను ప్రొడక్షన్ అంటారు. అక్కడ జరిగేది నగుబాటుతో పోదు, ప్రజల ధనం, కొన్ని సందర్భాలలో ప్రాణం కూడా దానితో ముడిపడి ఉంటుంది.

కాబట్టి ఈ పరీక్షావేదిక నిర్మాతకు కుమ్మరికి సారె వంటిది. అది ఎంత త్వరగా చేతికి వస్తే తప్పు అంత త్వరగా బయటపడుతుంది. వ్రాసిన గంటలో బయటపడిన తప్పును సరిదిద్దడం సులభం. ఎందుకు అలా వ్రాసినామో ఇంకా జ్ఞాపకం ఉంటుంది. మూడు వారాల తరువాత బయటపడితే తాను వ్రాసినదే పరుల వ్రాతవలె కనిపిస్తుంది.

అనుమతి ఎందుకు పుట్టింది?

ప్రతి కట్టుబాటుకు ఒకనాడు ఒక కారణం ఉండి ఉంటుంది. 1960 ప్రాంతంలో కంప్యూటరు ఒక గదిని నింపే యంత్రం, లక్షల డాలర్ల ఆస్తి. ప్రోగ్రాము వ్రాసినవారు రంధ్రాలు పొడిచిన అట్టల కట్టను యంత్రశాల కిటికీలో ఇచ్చి, ఫలితం కొరకు గంటలు, కొన్ని చోట్ల ఒక రోజు, కాచుకునేవారు. యంత్రం ప్రియమైనది, మనిషి కాలం చవక. అప్పటి లెక్కకు ఆ వరుస న్యాయమే. తరువాతి కాలంలోనూ ఒక కొత్త సర్వర్ కావాలంటే కొనుగోలు శాఖ, లెక్కల శాఖ, యంత్రాలు అమర్చేవారు అందరు కదలవలసి వచ్చేది. పెట్టుబడి కాబట్టి సంతకాలు అవసరమైనవి.

2006లో అమెజాన్ సంస్థ తన కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకు ఇవ్వడం ప్రారంభించింది. ఈ పద్ధతినే క్లౌడ్ అన్నారు. 2011లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ క్లౌడ్‌కు ఒక నిర్వచనం ప్రకటించింది. అందులో పేర్కొన్న లక్షణాలలో మొదటిది ఏమిటంటే, వినియోగదారుడు తనకు కావలసినదానిని, సరఫరాదారు పక్షాన మనుష్యుల జోక్యం లేకుండా, తానే స్వయంగా పొందగలగాలి. నేడు ఒక చిన్న పరీక్షావేదికను సిద్ధం చేయడానికి యంత్రానికి పట్టేది కొన్ని నిమిషాలు మాత్రమే. అయినను అనేక సంస్థలలో ఆ నిమిషాల పనికి ముందు పాత దరఖాస్తు పత్రం, పాత సంతకాల వరుస అట్లే నిలిచి ఉన్నవి. యంత్రం చవక అయింది, మనిషి కాలం ప్రియమైంది. కట్టుబాటు మాత్రం వెనుకటి ధరలనే నమ్ముకుని ఉన్నది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అయితే అనుమతి కోరేవారందరు అవివేకులని నేను అనబోవడం లేదు. వారి భయాలకు ఆధారం ఉన్నది. 2012 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కొత్త ప్రోగ్రామును తన 8 సర్వర్లలో ఒకదానిలో అమర్చడం మరచిపోయింది. ఆ ఒక్క సర్వర్‌లో మిగిలిపోయిన పాత ప్రోగ్రాము మార్కెట్టు తెరవగానే తనంతట తాను షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. సుమారు 45 నిమిషాలలో సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఆ పనిని రెండవ మనిషి సరిచూడాలనే నియమం ఆ సంస్థలో లేదని ప్రభుత్వ నియంత్రణ సంఘం 2013లో ఎత్తిచూపింది. రెండవ జత కన్నులు అవసరమనడానికి ఇది చాలు.

కాని ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. ఆ ఘోరం జరిగినది ప్రొడక్షన్‌లో, పరీక్షావేదికలో కాదు. నాటకశాల తలుపు వద్ద కాపలా ఉండవలసినదే. అదే కాపలాను అభ్యాసం చేసే గది వద్ద కూడా పెట్టి, పాత్రధారులను నిలవేయడం వేరు సంగతి. అసలైన ప్రమాదం ఉన్నచోట లేని జాగ్రత్త, ప్రమాదం తక్కువ ఉన్నచోట అతిగా ఉండటమే మన చర్చనీయాంశం.

వరుసకు ఒక గణితం ఉన్నది

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాము. పరీక్షావేదిక కావాలంటే నాలుగు సంతకాలు కావాలి: బృందనాయకుడు, భద్రతాధికారి, నెట్‌వర్క్ అధికారి, ఖర్చులు చూచే అధికారి. ఒక్కొక్కరు పత్రం చదివి సంతకం చేయడానికి 15 నిమిషాలు చాలు. నలుగురి పని కలిపి ఒక గంట. కాని పత్రం ఒక్కొక్కరి వద్ద రెండున్నర పనిదినాలు పడి ఉన్నదనుకుందాము. మొత్తం 10 పనిదినాలు, రోజుకు 8 గంటల చొప్పున 80 గంటలు. ఇందులో నిజంగా పని జరిగింది ఒక్క గంట. అనగా నూటికి ఒకటింబావు. మిగిలిన నూటికి తొంబది ఎనిమిదిం ముప్పావు భాగం ఉత్త నిరీక్షణ.

పత్రం అన్నాళ్లు ఎందుకు పడి ఉంటుంది? అధికారి సోమరి అనుకోవడం తేలిక, కాని అది సత్యం కాదు. వరుసలను గురించిన శాస్త్రానికి ఆద్యుడు ఏర్లాంగ్ అనే డెన్మార్కు దేశీయుడు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, టెలిఫోను పిలుపులు ఎంతసేపు ఆగవలసి వస్తుందనే విషయం మీద ఆయన 1909లో తన మొదటి పరిశోధన ప్రకటించాడు. ఆ శాస్త్రం చెప్పే ముఖ్య సత్యం ఇది: పని ఎప్పుడు వచ్చిపడుతుందో తెలియనప్పుడు, పనిచేసేవాని తీరిక తగ్గుతున్నకొద్దీ వరుస క్రమంగా కాక ఒక్కసారిగా పెరుగుతుంది.

సామాన్యమైన ఒక సూత్రం ప్రకారం లెక్క ఇలా ఉంటుంది. 15 నిమిషాల సంతకం చేసే అధికారి కాలంలో సగం మాత్రమే ఆ పనికి పడుతుంటే, వచ్చిన పత్రం సగటున 15 నిమిషాలు ఆగుతుంది. నూటికి 80 వంతులు పడితే 60 నిమిషాలు. 90 వంతులైతే 2 గంటల 15 నిమిషాలు. 95 వంతులైతే 4 గంటల 45 నిమిషాలు. పని పెరిగింది కొద్దిగా, నిరీక్షణ పెరిగింది కొండంత. పైగా ఆ అధికారికి సంతకం చేయడమే వృత్తి కాదు. ఆయనకు తన పనులు వేరే ఉన్నవి. అందుచేత వారానికి ఒకసారి సమావేశమై పత్రాలన్నీ చూద్దామంటారు. అప్పుడు ఏ పత్రమైనా సగటున మూడున్నర రోజులు ఊరికే ఆగుతుంది. ఏదో ఒక గడి నింపలేదని తిరిగి పంపితే మరొక వారం.

తిరిగి పంపడానికీ ఒక లెక్క ఉన్నది. ప్రతి బల్ల వద్ద నూటికి 80 పత్రాలు ఆక్షేపణ లేకుండా ముందుకు పోతాయనుకుందాము. ఇది మంచి నిష్పత్తిగానే కనిపిస్తుంది. కాని నాలుగు బల్లలు దాటేసరికి నూటికి 41 మాత్రమే ఏ అభ్యంతరం లేకుండా బయటపడతాయి. మిగిలిన 59 ఎక్కడో ఒకచోట కనీసం ఒకసారి వెనుకకు వస్తాయి. ప్రతి బల్ల మంచిదే, మొత్తం మార్గం చెడ్డది.

1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ పండితుడు నిరూపించిన సూత్రం మరొకటి ఉన్నది. వరుసలో నిలిచినవారి సగటు సంఖ్య, రోజుకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు సగటున గడిపే రోజులతో గుణించినంత. రోజుకు 5 దరఖాస్తులు వస్తూ, ఒక్కొక్కటి 8 రోజులు ఆగుతుంటే, ఏ రోజు చూచినా 40 దరఖాస్తులు పెండింగులో ఉంటాయి. ఆ 40 దరఖాస్తుల వెనుక 40 పనులు ఆగి ఉంటాయి. ఆ పనుల వెనుక మా పూర్వ విద్యార్థి వంటివారు ఉంటారు.

ఆలస్యం కన్న సంతానం

ఆలస్యం ఒక్కటే వస్తే సహించవచ్చు. కాని అది ఒంటరిగా రాదు.

మొదటిది దాచుకొనుట. కరువు కాలంలో ధాన్యం దొరికినవాడు గాదెలో దాస్తాడు. పదహారు రోజులు తిరిగి సంపాదించిన పరీక్షావేదికను పని ముగిసిన తరువాత కూడా ఎవరు తిరిగి ఇవ్వరు. రేపు మళ్లీ అడిగితే దొరుకుతుందా అనే భయం. అందువలన వాడని వేదికలకు అద్దె పెరుగుతుంది. అద్దె పెరిగిందని యాజమాన్యం మరొక సంతకం కలుపుతుంది. సంతకం కలిసిందని బృందాలు మరింత గట్టిగా దాచుకుంటాయి. ఖర్చు తగ్గించడానికి పుట్టిన అనుమతి ఖర్చును పెంచుతుంది.

రెండవది మూటకట్టుట. వేదిక నెలకు ఒకసారే దొరికితే, నెలంతా వ్రాసిన మార్పులన్నీ ఒకే మూటగా కట్టి పరీక్షిస్తారు. ఒక మార్పు చేసి తప్పు వస్తే తప్పు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. ముప్పది మార్పులు కలిపి తప్పు వస్తే వెదుకులాట మిగులుతుంది.

మూడవది దొడ్డిదారి. ముందు తలుపు మూస్తే మనిషి వెనుక తలుపు వెదకుతాడు. సొంత కంప్యూటరులో సగం పరీక్ష చేసి పూర్తి అయిందంటారు. లేదా స్నేహితుని బృందం వేదికను అరువు తెచ్చుకుంటారు. అన్నిటికంటె ప్రమాదకరమైనది, నిజమైన ఖాతాదారుల వివరాలను నకలు తీసి ఎవరికీ తెలియని చోట పెట్టి పరీక్షించడం. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమాచారానికి తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. భద్రత పేరిట పెట్టిన గేటే మనుష్యులను అభద్రతలోనికి నెట్టడం విచిత్రం, కాని అసహజం కాదు.

నాలుగవది పరీక్షాకాలం హరించుకుపోవుట. ఏ నిర్ణయం ఆలస్యమైనా చివరి తేదీ మారదు. కోత పడేది చివరి మెట్టు అయిన పరీక్ష మీదనే. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య భీమా కొరకు హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వేదికను ప్రారంభించింది. మొదటి రోజున నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురు మాత్రమే. మొత్తం వ్యవస్థను మొదటి నుండి చివరి వరకు కలిపి పరీక్షించడం ప్రారంభానికి ముందు రెండు వారాలలోనే జరిగిందని, అందుకు నెలలు ఉండవలసిందని గుత్తేదారు సంస్థలు అదే నెల 24న శాసనసభా సంఘం ఎదుట చెప్పినవి. అందుకు కారణాలు పలు. వాటిలో స్పష్టమైన నాయకత్వం లేక నిర్ణయాలు ఆలస్యం కావడం ఒకటని ఆ శాఖ తనిఖీ కార్యాలయమే 2016లో వ్రాసింది.

ఐదవది మనిషికి జరిగే అన్యాయం. సీనియరుకు అధికారులు పరిచయం. ఒక ఫోను చేస్తే పత్రం కదులుతుంది. కొత్తగా చేరిన కుర్రవానికి ఎవరిని అడగాలో తెలియదు, అడిగితే ఏమనుకుంటారో అనే జంకు. పెద్ద నగరంలో తెలిసినవారు లేని కుటుంబాల నుండి వెళ్లిన మన పిల్లల వంటివారికి ఈ జంకు మరీ ఎక్కువ. నిరీక్షణ కాలం ఎక్కడా నమోదు కాదు; పని పూర్తయిన తేదీ మాత్రం నమోదవుతుంది. ఆ విధంగా వ్యవస్థ ఆలస్యం వ్యక్తి మాంద్యంగా లెక్కకు ఎక్కుతుంది.

సంతకం రక్షణ ఇస్తుందా?

"ఆలస్యమైతే కానీ, నాణ్యమైన పని వస్తుంది కదా" అని కొందరు వాదిస్తారు. ఈ వాదాన్ని నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ అనే ముగ్గురు నాలుగేళ్లు పరిశీలించి 2018లో "యాక్సిలరేట్" అనే గ్రంథంలో ఫలితాలు ప్రకటించారు. 2,000కు పైగా సంస్థల నుండి వచ్చిన 23,000కు పైగా సమాధానాలు వారి పరిశోధనకు ఆధారం. బృందానికి బయట ఉన్న అధికారి గాని సంఘం గాని ప్రొడక్షన్‌లో మార్పులను ఆమోదించే పద్ధతి ఉన్నచోట పని మందగించిందని, చెడిన వ్యవస్థను తిరిగి నిలబెట్టడానికి ఎక్కువ కాలం పట్టిందని, పోనీ విఫలమయ్యే మార్పులు తగ్గినవా అంటే అట్టి సంబంధమేమీ కనబడలేదని వారు తేల్చారు. బృందంలోని సహచరుడే పనిని సరిచూచే పద్ధతి మేలని వారి సూచన. ప్రొడక్షన్ విషయంలోనే ఇది నిజమైతే, పరీక్షావేదికకు దూరపు సంతకాలు అడగడాన్ని సమర్థించడం ఇంకా కష్టం.

ఇందుకు కారణం మానవ స్వభావంలోనే ఉన్నది. పనికి దూరంగా కూర్చున్నవారికి పత్రంలో ఏమున్నదో చూడగల పరిజ్ఞానం గాని, తీరిక గాని ఉండదు. మొదటివాడు నాకు తరువాత ముగ్గురు చూస్తారులే అనుకుంటాడు. నాలుగవవాడు ముందు ముగ్గురు చూశారు కదా అనుకుంటాడు. తిలాపాపం తలా పిడికెడు. మంజూరు అంటే చూడబడినది అని మొదటనే చెప్పుకున్నాము. చూడకుండా చేసిన మంజూరు ఆ మాటకు అర్హం కాదు. దానిలో మిగిలేది ఇంతిజార్ మాత్రమే.

మార్గాంతరం

అయితే కట్టుబాట్లన్నీ తీసివేయవలెనా? అక్కరలేదు. కట్టుబాటును మనిషి బల్ల మీద నుండి తీసి పద్ధతిలోనికి మార్చాలి. అందుకు వృత్తిలో ఆచరణలో ఉన్న మార్గాలు కొన్ని ఉన్నవి.

ఒకటి, ప్రమాదాన్ని బట్టి వర్గీకరణ. బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ ఒకటి 1980 దశకంలో రూపొందించడం ప్రారంభించిన ఐటిల్ అనే నిర్వహణ పద్ధతిలోనే "స్టాండర్డ్ ఛేంజ్" అనే భావన ఉన్నది. తరచు జరిగేవి, ప్రమాదం తక్కువైనవి అయిన పనులను ఒకసారి బాగా పరిశీలించి ముందుగానే ఆమోదిస్తారు, ప్రతిసారి అడగనక్కరలేదు. పరీక్షావేదిక నిర్మాణం అందుకు తగిన పని.

రెండు, నియమాలను ప్రోగ్రాముగా వ్రాయుట. ఇన్ని యంత్రాలకు మించరాదు, బయటి నెట్‌వర్క్‌కు తెరచి ఉంచరాదు అనే నియమాలను భద్రతాధికారి ఒక్కసారి కూర్చుండి వ్రాయిస్తే, ఆ తరువాత ప్రతి కోరికను యంత్రమే క్షణంలో సరిచూస్తుంది. 2014లో వచ్చిన టెర్రాఫామ్ వంటి సాధనాలతో వేదిక యొక్క నమూనానే వ్రాతరూపంలో భద్రపరచి ఎన్నిసార్లయినా ఒకే విధంగా నిర్మించవచ్చు. అధికారి జ్ఞానం ఒక్కొక్క పత్రం మీద వ్యయం కాకుండా నమూనాలో నిలిచిపోతుంది.

మూడు, గడువు. ప్రతి వేదికకు పుట్టుకతోనే ఒక ముగింపు తేదీ ఉండాలి. మూడు రోజులో, వారమో గడిచిన తరువాత తనంతట తానే తొలగిపోవాలి. మళ్లీ కావాలంటే మళ్లీ నిమిషాలలో దొరుకుతుందనే నమ్మకం ఉన్నచోట ఎవరూ దాచుకోరు. నాలుగు, బృందానికి నెలకింత అని ఖర్చుకు పరిమితి. ఆ పరిమితి దాటినప్పుడే సంతకం. ఐదు, నిజమైన మనుష్యుల వివరాలకు బదులు కల్పించిన వివరాలతో పరీక్ష. ఆరు, ఎవరు ఏ వేదికను ఎప్పుడు తీసుకున్నారో దానంతట అదే నమోదయ్యే చిట్టా. ముందు ఆపి అడగడం కంటె తరువాత చూచి తప్పుచేసినవానిని అడగడం అనేక సందర్భాలలో మేలు.

ఏడవది అతి సులభమైనది, అతి అరుదుగా జరిగేది: నిరీక్షణను కొలుచుట. దరఖాస్తు ఇచ్చిన తేదీ, చేతికి వచ్చిన తేదీ, ఈ రెండు వ్రాసి పెట్టుకుంటే చాలు. కొలవనిదానికి బాధ్యులు ఉండరు.

మనకు దీనితో పని

మా పూర్వ విద్యార్థి ఆ ఏడవ మార్గాన్నే పట్టుకున్నాడు. ఒక నోటుపుస్తకంలో తేదీలు వ్రాయడం ప్రారంభించాడు. ఏ పనికి తాను ఎన్ని రోజులు తీసుకున్నాడు, ఏ బల్ల వద్ద పత్రం ఎన్ని రోజులు ఉన్నది. ఎవరినీ నిందించలేదు, తేదీలు మాత్రమే. రెండు నెలల తరువాత దానిని తన బృందనాయకునికి చూపించాడు. ఆయన తన పైవారికి చూపించాడు. పరీక్షావేదికలకు నాలుగు సంతకాలు ఉన్నచోట ఇప్పుడు రెండు చాలునట. అతని ఉద్యోగం మాత్రం మూడు నెలల ఆలస్యంగానే స్థిరపడింది. పోయిన కాలం తిరిగి రాలేదు. విద్యార్థులారా, రేపు మీరు ఏ కార్యాలయంలో చేరినా మొదటి రోజు నుండి ఇటువంటి పుస్తకం ఒకటి ఉంచుకొనండి. వినయంతో చూపిన తేదీకి కోపంతో చెప్పిన మాటకంటె బలమెక్కువ.

ఇక మన పాలకవర్గ పెద్దలకు ఒక సవినయ మనవి. మన కంప్యూటరు ప్రయోగశాలలో ఒక కొత్త అభ్యాస సాఫ్ట్‌వేర్‌ను అమర్చుకోవాలంటే విద్యార్థి దరఖాస్తు ప్రయోగశాల బాధ్యుని నుండి శాఖాధిపతికి, అక్కడి నుండి ప్రిన్సిపాల్ గారికి, అటుపిమ్మట కార్యదర్శి గారికి వెళ్లవలసి ఉన్నది. ఈ ఏర్పాటు కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులలో, విరాళాలతో కొన్న యంత్రాలు పాడవుతాయేమో అనే భయంతో చేసినది. ఆ భయం అప్పటికి సమంజసమే. నేడు ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్‌ల జాబితాను విద్యాసంవత్సరం ఆరంభంలో ఒకసారి పరిశీలించి ఆమోదించవచ్చు. అయిదారు యంత్రాలను పూర్తిగా అభ్యాసానికి విడిచి, ప్రతి శనివారం సాయంత్రం వాటిని మొదటి స్థితికి తెచ్చే ఏర్పాటు చేయవచ్చు. ఎవరు ఎప్పుడు వాడినారో తెలిపే రిజిస్టరు ఒకటి తలుపు వద్ద ఉంచవచ్చు. దీనికి అదనపు ధనం అక్కరలేదు. కావలసినది ఒక్క సమావేశం, ఒక్క తీర్మానం.

అధికారం అంటే ప్రతి తలుపు వద్ద నిలిచి ఆపడం కాదు. ఏ తలుపు తెరచి ఉంచవచ్చునో, ఏది మూసి ఉంచాలో ముందే చూచి చెప్పడం. ఆ చూపు ఉన్న మంజూరు మన పిల్లలకు అందినప్పుడు, వారు పరీక్షలు చేసుకుంటారు, తప్పులు చేస్తారు, దిద్దుకుంటారు. నిరీక్షణలో గడిచే కాలం విద్యలో గడుస్తుంది.